గడియ వేరు, తాళం వేరు: మడిచే విమానం రెక్కల సంగతి

ఈరోజు స్టూడియో లేదు, లైట్లు లేవు. కొవ్వూరులో గోష్పాద క్షేత్రం రేవు మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నాను. మధ్యమధ్యలో రైలు చప్పుడు వస్తుంది, ఏమనుకోకండి. బ్రిడ్జి పక్కన కూర్చుని రైళ్లు రావద్దంటే కుదరదు కదా.

ఈ ఎపిసోడ్‌కి కారణం మా వీధిలో ఉండే ఒకావిడ. పదేళ్ల పైనుంచీ దుబాయ్‌లో పని చేస్తున్నారు, సెలవుకి వచ్చారు. మన గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్ళి బతుకుతున్నవాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. ఆవిడ ఫోన్లో ఒక వీడియో చూపించారు. పెద్ద విమానం, నేల మీద నిలబడి ఉంది. చూస్తుండగా రెక్క చివర మెల్లగా పైకి లేచి, చీర కొంగు మడిచినట్టు మడుచుకుంది. "మాస్టారూ, కొన్నాళ్ళు పోతే మేం ఎక్కేవి ఇవేనంటున్నారు. ఇది గాల్లో ఉండగా మడుచుకుంటే మా గతేంటండీ?" అని అడిగారు.

నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదండి ఇది. అమెరికాలో విమానాలకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌ఏఏ కూడా అచ్చంగా ఇదే ప్రశ్న అడిగింది. ప్రయాణికుల విమానాల పాత నిబంధనల్లో రెక్క మడవడం అన్న ఊసే లేదు. అందుకని 2018లో ఈ ఒక్క విమానం కోసం ప్రత్యేక షరతులు రాసింది. ఆ షరతులు కొవ్వూరు భాషలో ఎలా ఉంటాయో చెప్పడమే ఈరోజు నా పని.

ముందు అసలు ఎందుకు మడవాలి? అది తొందరగా చెప్పేస్తాను. మన మధురపూడి ఎయిర్‌పోర్టుకి ఏటీఆర్‌లు, ఎయిర్‌బస్ ఎ320లు వస్తాయి చూడండి. ఎ320 రెక్కల వెడల్పు ఈ చివర నుంచి ఆ చివరకి 35.8 మీటర్లు. ఆ కొలత ఊరికే రాలేదు. విమానాలు నిలిపే చోటుని ప్రపంచమంతా తరగతులుగా విడగొట్టారు. 'సి' తరగతి అంటే 36 మీటర్ల లోపు. 'ఇ' అంటే 65 లోపు. 65 నుంచి 80 దాకా 'ఎఫ్'. మన సందులోకి ఆటో వస్తుంది, లారీ రాదు. అలాంటిదే ఇది.

బోయింగ్ వాళ్ళ 777-9 రెక్కల వెడల్పు 71.75 మీటర్లు. రెక్క పొడుగైన కొద్దీ గాలిలో ఈడ్పు తగ్గుతుంది, ఇంధనం మిగులుతుంది. అందుకని పొడుగు పెట్టారు. కానీ అంత రెక్కతో 'ఇ' తరగతి గేటులోకి పోలేరు. అందుకని చివర్లు ఒక్కోవైపు మూడున్నర మీటర్ల దాకా పైకి మడుస్తారు. మడిస్తే 64.85. హద్దుకి ఇంకా 15 సెంటీమీటర్లు మిగిలిందన్నమాట! మన ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్ళు కూడా ఇంత దగ్గరగా గీయరు.

ఈ విమానం మొదటిసారి ఎగిరింది 2020 జనవరి 25న. మన తెలుగు నేల మీదికి కూడా వచ్చింది. 2024 జనవరిలో హైదరాబాద్ బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు తీసుకొచ్చారు. ఎయిరిండియా 2023లో ప్రకటించిన ఆర్డర్లలో ఇవి పది ఉన్నాయి. దుబాయ్ ఎమిరేట్స్ వాళ్ళయితే రెండొందలకి పైగా అడిగారు. కాబట్టి మా వీధి ఆవిడ భయం ఎక్కడో అమెరికా సంగతి కాదండి, శంషాబాద్‌లో విమానం ఎక్కే మన మనిషి సంగతి.

సరే, అసలు విషయానికి వద్దాం.

మడత అంటే మడతబందు. తలుపుకి ఉంటుందే, అదే. ఒకవైపు పలక, ఇంకోవైపు పలక, మధ్యలో ఇనప కడ్డీ. రెక్క చివర పైకి మడవాలంటే ఆ బందు సాధారణంగా రెక్క పైభాగంలో ఉండాలి. ఇప్పుడు ఆలోచించండి. విమానం ఎగురుతుంటే గాలి రెక్కని ఎటు తోస్తుంది? పైకి. మడత ఎటు పడుతుంది? అదీ పైకే! అంటే ఎగురుతున్నంతసేపూ గాలి ఆ రెక్క చివరని మడవాలనే చూస్తూంటుంది. గంట కాదు, పద్నాలుగు గంటలు ఎగిరితే పద్నాలుగు గంటలూ. మా వీధి ఆవిడ భయంలో అర్థం ఉందని నేనన్నది ఇందుకే.

ఎంత బలంగా తోస్తుంది? లెక్క కోసం చెప్తున్నాను, ఇవి బోయింగ్ వాళ్ళ అంకెలు కావు. మడిచే ముక్క మీద గాలి ఒక టన్ను బరువంత పైకి ఎత్తుతోంది అనుకుందాం. ఆ బలం మడతబందుకి ఒకటిన్నర మీటరు అవతల పనిచేస్తోంది. రెక్క మందం అక్కడ, అంటే పైన బందుకీ కింద గడియకీ మధ్య, 30 సెంటీమీటర్లు. గునపంతో బండరాయి లేపేటప్పటి లెక్కే. ఒకటిన్నరని 0.3తో భాగిస్తే అయిదు. అంటే కింద ఉన్న గడియ మీద అయిదు టన్నుల లాగుడు పడుతుంది. ఇది మామూలు ప్రయాణంలో. పెద్ద విమానాలు మామూలు కంటే రెండున్నర రెట్లు భారం తట్టుకోవాలి, దాని మీద ఇంకో ఒకటిన్నర రెట్లు భద్రత కోసం ఉంచుకోవాలి. అయిదు కాస్తా పద్దెనిమిదిన్నర దాటిపోతుంది. సన్నటి రెక్క చివర, చేతి మందం కడ్డీలు మోయాల్సిన భారం అది.

మరి ఆ గడియ ఎలా ఉంటుంది? మన రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చి పట్టుకుంటాం చూడండి, అలా. లోపలి రెక్క నుంచి కొన్ని ఇనప చెవులు, బయటి ముక్క నుంచి కొన్ని చెవులు. అన్నిటికీ రంధ్రాలు. రెక్క తెరుచుకోగానే ఆ రంధ్రాలన్నీ ఒకే వరసలోకి వస్తాయి. అప్పుడు ఒక గట్టి పిన్ను వాటిలోంచి దూరుతుంది. మన ఎడ్లబండి కడచీల గుర్తుందా? ఇరుసు చివర రంధ్రంలో దిగేసే ఇనప మేకు. చక్రం బయటికి జారాలని చూస్తుంది, కడచీల అడ్డుపడుతుంది. చక్రం ఎంత తోసినా కడచీల పైకి లేవదు, ఎందుకంటే చక్రం తోసేది పక్కకి, కడచీల రావాల్సింది పైకి. రెండు దిక్కులూ వేరు.

విమానం పిన్నులోనూ ఇదే కిటుకు. గాలి బలం రెక్క పొడుగునా లాగుతుంది. పిన్ను దూరేది దానికి అడ్డంగా, ముందు నుంచి వెనక్కి. గాలి ఎంత లాగినా ఆ పిన్నుని కోసేయాలని చూస్తుందే తప్ప బయటికి తోయలేదు. కోయకుండా ఉండడానికి దాని మందం ఉంది. ఎఫ్‌ఏఏ షరతుల్లో ఒకటి ఇదేనండి: ఎగిరేటప్పుడు వచ్చే ఏ బలమూ, ఏ మెలితిప్పూ ఆ గడియనీ తాళాన్నీ విప్పలేని విధంగా అమర్చాలి. బలంగా ఉంటే చాలదు, విప్పే దిక్కులో బలమే పడకూడదు.

ఇక్కడ నేను రెండు మాటలు వాడాను, గమనించారా? గడియ, తాళం. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇంగ్లీషు చదువుకున్న ఇంజినీర్లు కూడా కొత్తలో తికమక పడతారు. మన పెరటి తలుపు దగ్గరికి రండి, తేలిపోతుంది. గడియ తలుపుని పట్టుకుంటుంది. గాలి వచ్చినా, కుక్క తోసినా భారం మోసేది గడియ. తాళంకప్ప తలుపుని పట్టుకోదు. గడియని కదలకుండా పట్టుకుంటుంది. అంతే దాని పని.

విమానం రెక్కలోనూ భారం మోసే పిన్ను గడియ. పిన్ను వెనక్కి జారకుండా అడ్డం పడే చిన్న ముక్క తాళం. షరతులు ఏమంటాయంటే: ఒకటి, తాళం లేకపోయినా గడియ దానంతట అది వేసిన చోట నిలబడాలి. రెండు, గడియ పూర్తిగా పడకుండా తాళం పడటానికి వీల్లేదు. ఈ రెండోది చూడటానికి చిన్న మాటలా ఉంటుంది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన మాట ఇదే. ఎందుకో చెప్పడానికి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను కాలేజీలో చేరిన కొత్త. మా నాన్నగారికి ట్రాక్టరూ ట్రక్కూ ఉండేవి. ఇసుక ర్యాంపు నుంచి లోడు. ట్రక్కు వెనక తలుపుకి రెండువైపులా గొళ్ళేలు, గొళ్ళెంలో గుచ్చడానికి గొలుసుకి వేలాడే చీల. ఎడమవైపు చీల ఎక్కడో పడిపోయింది. తీగ ముక్క చుట్టి నడిపిస్తున్నాం. ఆ రోజు తలుపు నేనే వేశాను. 'టక్' మని చప్పుడొచ్చింది, పడిందనుకున్నాను. నిజానికి గొళ్ళెం సగమే పడింది. తీగ మాత్రం శుభ్రంగా చుట్టాను, సగం పడిన గొళ్ళెం మీదే! దూరం నుంచి చూస్తే అన్నీ సరిగా ఉన్నట్టే. కాలవ గట్టు దిగేచోట గుంటలో చక్రం పడింది, తలుపు తెరుచుకుంది. వెనకాల సైకిలు మీద వస్తున్న పెద్దాయన ఇసుకలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. మా నాన్నగారు ఆయన్ని భుజం మీద ఎత్తుకుని ట్రాక్టరు ఎక్కించడం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అక్కడ జరిగింది ఏంటంటే, గడియ పడకపోయినా తాళం పడింది. తీగకి బుద్ధి లేదు, ఎక్కడ చుడితే అక్కడ చుట్టుకుంటుంది. విమానంలో తాళాన్ని బుద్ధి ఉన్నట్టు చెక్కుతారు. పిన్ను చివరిదాకా వెళ్తేనే తాళం ముక్క దిగే గాడి ఎదురుగా వస్తుంది. పిన్ను కాస్త వెనకబడినా ఆ గాడి ఎదురుగా ఉండదు, తాళం దిగదు. తాళం దిగలేదంటే పైలట్ ముందు హెచ్చరిక వెలుగుతుంది. అంటే తాళం కాపలా మాత్రమే కాదు, సాక్షి కూడా.

ఇంకో సంగతి. నేను 'టక్' చప్పుడు విని నమ్మాను. విమానంలో 'మోటారు తిరిగింది కదా, పిన్ను వెళ్ళే ఉంటుంది' అని నమ్మరు. పిన్ను, తాళం నిజంగా ఎక్కడున్నాయో చూసే సెన్సర్లు వేరుగా ఉంటాయి. రెక్క సరిగ్గా తెరుచుకుని తాళం పడకపోతే పైలట్లకి ఒకటికంటే ఎక్కువ మార్గాల్లో తెలియాలి, విమానం టేకాఫ్ కాకుండా అడ్డుకునే ఏర్పాటు ఉండాలి. ఇవీ షరతులే.

పైలట్ మరీ అంత చూసుకోడా అంటారా? చూసుకోని రోజులు ఉన్నాయండి. యుద్ధనౌకల మీద విమానాలకి రెక్కలు మడవడం చాలా పాత అలవాటు. ఇంగ్లండులో షార్ట్ సోదరులు 1913లోనే మడిచే రెక్కల విమానం చేశారు. అమెరికా నౌకాదళం వాళ్ళ క్రుసేడర్ అనే జెట్ 1960 ఆగస్టులో ఇటలీలోని నేపుల్స్ నుంచి రెక్కలు మడిచి ఉండగానే టేకాఫ్ అయిపోయింది! పైలట్ మర్చిపోయాడు. 5,000 అడుగులు ఎక్కాక కానీ సంగతి బోధపడలేదు. అదృష్టం బాగుండి వెనక్కి తిప్పి క్షేమంగా దించాడు. ఆ మోడల్ విమానాలతో ఇలాంటిది మళ్ళీ కూడా జరిగింది.

ఈ కథ చెప్పి అందరూ నవ్వుతారు. నాకు మాత్రం దీనికంటే భయం కలిగించేది ఇంకోటుంది. మడిచిన రెక్క కంటికి కనిపిస్తుంది. నేల మీద ఉన్న ఎవరో ఒకరు చేతులూపి ఆపొచ్చు. తెరుచుకుని ఉండి, గడియ పడని రెక్క అచ్చం మంచి రెక్కలాగే ఉంటుంది. గాలి భారం పడేదాకా బయటపడదు. బయటపడేది కూడా ఒకవైపే అయితే, విమానం పక్కకి ఒరిగిపోతుంది. అందుకనే చాలా నౌకా విమానాల్లో తాళం పడకపోతే రెక్క మీద ఎర్రరంగు ముక్క ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉండేలా పెట్టారు. తాళం పడితే అది లోపలికి వెళ్ళిపోతుంది. కరెంటు అక్కర్లేదు, కంప్యూటరు అక్కర్లేదు, డెక్ మీద నడిచే కుర్రాడికి కనిపిస్తే చాలు.

మన నౌకాదళం కూడా ఈ విద్యలో కొత్తది కాదండోయ్. 1961లో వచ్చిన పాత విక్రాంత్ మీద సీ హాక్‌లు, అలీజేలు ఉండేవి, రెండిటికీ రెక్కలు మడుస్తారు. 1971 డిసెంబరులో బంగాళాఖాతంలో అవి కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి వెళ్ళినప్పుడు ప్రతి సారీ ఎగిరే ముందు తెరిచి గడియ వెయ్యడం, దిగాక విప్పి మడవడం. ఇప్పటి మిగ్-29కె విమానం రెక్కలు సుమారు 12 మీటర్లు, మడిస్తే ఎనిమిదికి కాస్త తక్కువ. మనం 2025లో ఒప్పందం చేసుకున్న రఫేల్-ఎం రెక్కలు అసలు మడవవు. మడతంటే బందులు, పిన్నులు, మోటార్లు, వాటి బరువు. చోటు సరిపోతే అదంతా మానుకోవడమే మంచిది.

మడత లేని విమానం తీసుకెళ్ళాలంటే ఎంత కష్టమో విశాఖలో చూశాం కదా. బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉంది, 2017 డిసెంబరులో మొదలైంది. 50 మీటర్ల రెక్కలు. ఐఎన్ఎస్ డేగా నుంచి ఊళ్ళోంచి తేవడానికి మొత్తం విడగొట్టి, ముక్కలుగా తెచ్చి మళ్ళీ బిగించారు.

ఆవిడ ప్రశ్నకి వద్దాం. గాల్లో ఉండగా పొరపాటున ఎవరైనా స్విచ్ నొక్కితే? లేదా వైరు కాలి మోటారు దానంతటదే తిరిగితే? ఈ షరతు నాకు భలే నచ్చింది. రెక్కని మడవగల శక్తి ఏదైనా, కరెంటు కానీ, నూనె ఒత్తిడి కానీ, ఎగరకముందే ఆటోమేటిక్‌గా తెగిపోవాలి. ఎగిరాక ఎవరు ప్రయత్నించినా మళ్ళీ ఇవ్వడం కుదరకూడదు. మన లైన్‌మేన్లు స్తంభం ఎక్కేముందు ఏం చేస్తారు? ఫ్యూజు పీకి జేబులో పెట్టుకుంటారు. కింద ఎవరు ఏ స్విచ్ నొక్కినా ఫ్యూజు తన జేబులో ఉంది కాబట్టి తనకి నిశ్చింత. అదే సూత్రం. దీనికి తోడు, ఏదో ఒక్క ముక్క విరిగినా తాళం ఊడకూడదు. ఒక చీల పోతే ఇంకో చీల భారం మోయాలి. మా ట్రక్కులా తీగ ముక్కతో సరిపెట్టుకోవడం కుదరదు.

ఈ మడత యంత్రాంగం చేసేది లీబెర్ అనే కంపెనీ. మడవడానికైనా తెరవడానికైనా పట్టేది 20 సెకన్లు. ఆ మడిచే ముక్కలో ఇంధనం లేదు, విమానాన్ని పక్కకి వంచే ఏలిరాన్ రేకులూ లేవు. ఇంధనం గొట్టాలు బందు దాటనక్కర్లేకుండా చేసుకున్నారు. 1990లలో మొదటి 777కే బోయింగ్ వాళ్ళు మడిచే రెక్క ఇస్తామన్నారు. ఒక్కోవైపు ఆరు మీటర్ల పైనే మడత. ఒక్క ఎయిర్‌లైన్ కూడా తీసుకోలేదు. మడత ఎంత లోపలికి జరిగితే గడియ మీద భారం అంత పెరుగుతుంది, బరువూ అంతే. మనం చేసిన లెక్కలో ఒకటిన్నర మీటరు బదులు మూడు వేసి చూడండి. అవతల ముక్క పెద్దదై గాలి ఎత్తే బరువు కూడా పెరుగుతుంది కాబట్టి అయిదు టన్నులు పది దగ్గర కూడా ఆగదు.

ఈ విమానం 2020లో వస్తుందన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. మడత వల్లేనా అని మీకు అనుమానం రావచ్చు. 2024 ఆగస్టులో పరీక్షలు ఆగింది ఇంజనుని రెక్కకి బిగించే భాగంలో పగుళ్ళు కనిపించి. ఆలస్యమైందని తిట్టుకునేవాళ్ళు తిట్టుకోనీండి. పగులు నేల మీద చెకింగ్‌లో దొరకడం మంచిదా, సముద్రం మీద దొరకడం మంచిదా?

ఇదంతా నేను రెండు రోజులు కూర్చుని ఆవిడకి చెప్పాను. ఇంట్లో తలుపు, గడియ, తాళంకప్ప దగ్గర పెట్టుకునే చెప్పాను. ఆవిడ మొత్తం విని, "సరేనండీ, గాల్లో మడవదు. మరి దిగాక మడత పడకపోతే?" అన్నారు. చూశారా, ఇంజినీరింగ్ కాలేజీలో నాకు ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఏ పిల్లాడూ వెయ్యలేదు!

దిగాక వేగం 50 నాట్లకి, అంటే గంటకి 90 కిలోమీటర్ల చిల్లరకి తగ్గాక మడవడం మొదలవుతుంది. ఒకవైపు మడిచి ఇంకోవైపు మొరాయిస్తే, పక్కగాలి కొడుతున్నా కూడా విమానం రన్‌వే మీద చెప్పినమాట వినాలి. దానికీ పరీక్ష ఉంది. అసలు మడవనే మడవకపోతే అది 71.75 మీటర్ల విమానం, 'ఎఫ్' తరగతి. శంషాబాద్‌కి ఎ380 లాంటి అంతకంటే పెద్ద విమానానికి 2014లోనే అనుమతి ఇచ్చారు కాబట్టి చోటు చూపిస్తారు. చిన్న గేటులోకి పోలేదు కాబట్టి దూరంగా ఎక్కడో ఆపి, మెట్లు వేసి, బస్సులో తీసుకొస్తారు. ఓ అరగంట ఆలస్యం, సామాన్లకి ఇంకో అరగంట.

"అరగంటేగా, మా తమ్ముడు బయట ఎటూ కారేసుకుని గంట లేటుగానే వస్తాడు" అన్నారావిడ.

అదండీ సంగతి. పొద్దు వాలింది, కెమెరాలో వెలుతురు చాలట్లేదు. వచ్చేవారం కలుద్దాం, ఉంటానండి.